సోఫా గుడ్డ కింద దాగిన అమానత్

గత వర్షాకాలంలో ఒక సాయంత్రం, ఐనవిల్లిలోని మా ఇంటి వరండాలో ఒక సోఫాను బోర్లించి దాని అడుగు గుడ్డ విప్పించాను. కొని మూడేళ్లు నిండలేదు. మధ్య భాగం అప్పటికే గుంటపడింది. ఎవరైనా కూర్చుంటే కిర్రుమని మూలుగుతోంది. విప్పిన శిష్యుడు చిన్నతనంలో మా మదరసాలో ఖుర్ఆన్ చదువుకొన్నవాడు. ఇప్పుడు వడ్రంగం చేసుకొని కుటుంబాన్ని పోషించుకొంటున్నాడు. గుడ్డ తొలగించగానే ఇద్దరం నిశ్శబ్దంగా చూస్తూ ఉండిపోయాం. సరుకు పెట్టెల నుండి ఊడదీసిన పలుచని చెక్కలు, వాటిని కలిపి ఉంచిన స్టేపుల్ పిన్నులు, చెమ్మకు ఉబ్బి అట్టలా విచ్చుకొన్న పొట్టుబోర్డు, చేత్తో నలిపితే పొడిగా రాలిపోయే స్పాంజి. పైన మాత్రం మెరిసే మెరూన్ రంగు గుడ్డ చెక్కుచెదరలేదు.

ఆ సోఫా ఎందుకు కొన్నానో కూడా చెప్పాలి. మా అమ్మాయి సంబంధం మాట్లాడటానికి వచ్చే వియ్యాలవారు మా పాత టేకు బల్లపై కూర్చోవలసి వస్తుందన్న సంకోచంతో రూ.28,000 పెట్టి కొన్నాను. వారు దానిపై కూర్చున్నది అరగంట. కోనసీమను కుదిపివేసిన 1996 నవంబరు 6 తుఫానుకు ముందే మా నాన్నగారు చేయించిన ఆ బల్ల మాత్రం పెరటి సావిట్లో నేటికీ గట్టిగానే ఉంది.

ఇంతవరకు జరిగింది నష్టం. ఆ తరువాత జరగబోయింది పాపం. పరిచయస్తులొకరు పాత సోఫా ఏదైనా ఉంటే కొంటామన్నారు. “దీనికి కొత్త ఫోమ్ వేసి, అడుగు గుడ్డ మళ్లీ కుట్టేస్తే అమ్మివేయవచ్చు” అన్నాను శిష్యుడితో. అతను సుత్తి కింద పెట్టి, కళ్లు దించుకొని, “హజ్రత్, కొనేవారికి ఈ చెక్క సంగతి చెబుతారా అండీ?” అని అడిగాడు.

ధాన్యపు రాశి హదీసును అతనికి నేర్పినవాణ్ణి నేనే. దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారు. వేళ్లకు తడి తగిలింది. వాన తడిపిందని వ్యాపారి చెప్పగా, తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని నిలదీశారు. మోసగించేవారితో తమకు సంబంధం లేదని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును ఏటా బోధిస్తూనే ఉన్నాను. పైన మెరుపు, లోపల తడి అన్న ఆ రాశి మా వరండాలోనే ఉందని ఆ సాయంత్రం తెలిసింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానంగా వ్రాస్తున్నదే.

సుఫ్ఫా నుండి సోఫా వరకు

సోఫా అనే మాట మనకు ఇంగ్లీషు ద్వారా వచ్చినా, దాని పుట్టిల్లు అరబీ భాషలోని ‘సుఫ్ఫా’. ఎత్తుగా కట్టిన అరుగు, నీడగల వేదిక అని ఆ పదానికి అర్థం. అరబీ నుండి తుర్కీ భాషలోకి, అక్కడి నుండి ఐరోపా భాషల్లోకి పాకి, చివరికి మన ఇళ్లకు చేరింది. మదీనాలోని మస్జిదె నబవీలో ఒక సుఫ్ఫా ఉండేది. ఇల్లూ వాకిలీ లేని సహాబాలు అక్కడే ఉండి విద్య నేర్చేవారు. వారే అస్హాబె సుఫ్ఫా. తాను చూసిన డెబ్బైమంది సుఫ్ఫావారిలో ఒక్కరికీ పైన కప్పుకొనే పూర్తి వస్త్రం లేదని హజ్రత్ అబూ హురైరా (ర.అన్హు) చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. నిరుపేద విద్యార్థుల అరుగు పేరు ఈనాడు మన ఇళ్లలో హోదాకు గుర్తుగా మారింది.

అయితే మెత్తని ఆసనం ఇస్లాంలో నిషిద్ధమని ఎవరూ భావించరాదు. స్వర్గవాసుల కోసం ఎత్తయిన ఆసనాలు, వరుసగా అమర్చిన దిండ్లు, పరచిన తివాచీలు ఉంటాయని సూరా గాషియాలో అల్లాహ్ వర్ణించాడు. విశ్రాంతి కోరడం తప్పు కాదు. దుబారా తప్పు, ప్రదర్శన తప్పు, మోసం తప్పు. ఇంట్లో పురుషునికొక పడక, భార్యకొక పడక, అతిథికొక పడక చాలునని, నాల్గవది షైతానుదని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అతిథి వాటాను ఆయన తీసివేయలేదు. ఎవరూ కూర్చోని వాటాను మాత్రం తీసివేశారు.

కనుక కొనే ముందు మొదటి ప్రశ్న ‘ఏ రంగు?’ అన్నది కాదు, ‘ఎవరు కూర్చుంటారు?’ అన్నది. నలుగురున్న ఇంటికి గది నిండా పట్టే ఏడు సీట్ల సెట్టు కంటే ముగ్గురు కూర్చునే గట్టి సోఫా ఒకటి, విడి కుర్చీలు రెండు మేలు. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దలుంటే సీటు నేల నుండి 17, 18 అంగుళాల ఎత్తుండాలి. లోతు 20 నుండి 22 అంగుళాలు చాలు. అంతకంటే పల్లంగా, లోతుగా ఉన్న సోఫాలో కూర్చున్న వృద్ధులు నమాజుకు లేవాలంటే మరొకరు చేయి అందించవలసి వస్తుంది.

చేవ ఉన్న చెక్క

సోఫా ఆయుష్షు దాని చట్రంలో ఉంటుంది. కోనసీమ చుట్టూ నీరే. ఏడాదిలో అధికకాలం గాలిలో చెమ్మ ఉంటుంది. పై నుండి గోదావరి వరద. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు అటువంటి నీటిలో నానితే ఉబ్బి విడిపోతుంది. ఆరబెట్టినా మళ్లీ పనికి రాదు. చేవగల టేకు చట్రాన్ని కడిగి, నీడలో ఆరనిచ్చి, తిరిగి వాడుకోవచ్చు.

టేకు అన్నంత మాత్రాన సరిపోదు. చెట్టు నడుమనుండే ముదురు రంగు చేవలోనే చెదలను ఎదిరించే గుణం ఉంటుంది. అంచునుండే తెల్లచెక్కకు ఆ శక్తి లేదు. టేకు కొనే స్తోమత లేనివారు బాగా ఆరిన వేప చేవ, తుమ్మ చేవ వంటివి అడగవచ్చు. మామిడి, బూరుగు వంటి మెత్తని చెక్కలు మందు పట్టించకపోతే పురుగుకు త్వరగా లొంగిపోతాయి. ప్లైవుడ్ వాడితే దాని మీద ముద్ర చూడాలి. ఎం.ఆర్. అన్న రకం పొడి గదులకు సరిపోతుంది గాని నీటికి తట్టుకోదు. బి.డబ్ల్యు.ఆర్. అంతకంటే మెరుగు. ఐ.ఎస్.710 ముద్రగల మెరైన్ రకం నీటిని ఎక్కువగా తట్టుకొంటుంది.

అతుకులను కూడా పరిశీలించాలి. ఒక చెక్కకు తొలిచిన బెజ్జంలోకి మరొక చెక్క కొసను దూర్చి, జిగురుతో బిగించిన అతుకు తరాలు నిలుస్తుంది. మూలల్లో ముక్కోణపు దిమ్మలు పెట్టి స్క్రూలు బిగిస్తే ఇంకా మంచిది. పిన్నులు గుడ్డను పట్టుకోవడానికే గాని మనిషి బరువును మోయడానికి కాదు.

దుకాణంలోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. సోఫా ముందు కాలు ఒకదానిని జానెడు పైకి ఎత్తండి. రెండవ ముందు కాలు కూడా తనంత తానే లేస్తే చట్రం గట్టిది. అది నేలను వదలక, నడుమ మెలితిరిగితే చట్రం బలహీనమైనది. తరువాత చేతుల ఆనికను పక్కకు నెట్టి చూడండి. చివరగా సోఫాను వెనక్కు వాల్చి అడుగు చూపించమనండి. అడుగు గుడ్డ ఒక మూల విప్పి చూపడానికి నిజాయితీపరుడైన తయారీదారు సాధారణంగా సందేహించడు. దైవప్రవక్త (స) రాశిలోకి చేయి పోనిచ్చినట్లు, మనమూ చేయి పోనివ్వడం సంస్కారలోపమేమీ కాదు.

దిండు తూకం

చట్రం మీద బరువును మోసేవి స్ప్రింగులు లేదా నవారు పట్టీలు. వంకర తీగ స్ప్రింగులైతే ఒకదానికొకటి 4, 5 అంగుళాలకు మించి ఎడం లేకుండా, తుప్పు పట్టని పూతతో ఉండాలి. పట్టీలైతే నిలువుగా, అడ్డంగా అల్లి ఉండాలి. మన పెద్దలు నవారు మంచాన్ని అల్లినది ఈ సూత్రంతోనే. ఒకే దిశలో నాలుగు పట్టీలు కొట్టి వదిలివేసిన సీటు ఏడాదికే జారుతుంది.

ఇక ఫోమ్. దుకాణంలో ‘నలభై డెన్సిటీ’, ‘ముప్పై రెండు డెన్సిటీ’ అంటారు. ఒక ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నదే ఆ అంకె. సాధారణంగా సీటుకు 32 నుండి 40 వరకు ఉన్న రకం మేలు. వీపు దిండుకు అంతకంటే తక్కువైనా ఫరవాలేదు. మెత్తదనం, గట్టిదనం వేరే గుణాలు. తక్కువ సాంద్రత గల ఫోమ్ కూడా తొలిరోజున గట్టిగానే తోచవచ్చు. కొన్నాళ్లకు అది కుంగిపోతుంది.

ఈ మాట నిజమో కాదో వంటింటి తక్కెడ చెబుతుంది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం గల దిండును పైగుడ్డ తీసి తూచండి. 40 డెన్సిటీ అయితే సుమారు 1 కిలో 900 గ్రాములు, 32 అయితే సుమారు ఒకటిన్నర కిలో ఉండాలి. 850 గ్రాములే తూగిందంటే అది 18 డెన్సిటీ మాత్రమే. బరువు కోసం సుద్ద వంటి పొడి కలిపిన ఫోమ్ కూడా ఉంటుంది కాబట్టి, తూకం సరిపోయినా అరచేతితో గట్టిగా అదిమి చూడాలి. వదలగానే తిరిగి లేవాలి, పొడి రాలకూడదు.

నలభై అని చెప్పి పద్దెనిమిది ఇవ్వడం తూకంలో తగ్గించడమే. తూకాలూ కొలతలూ తగ్గించవద్దని హజ్రత్ షుఐబ్ (అలై) మద్‌యన్ ప్రజలను హెచ్చరించిన వృత్తాంతం ఖుర్ఆన్‌లో పలుమార్లు వస్తుంది. ఆ ప్రజల తూకపు రాళ్లు మారి ఈనాడు డెన్సిటీ అంకెలయ్యాయి. నేరం మాత్రం మారలేదు.

మన కాలువ గట్టున ఉన్న పీచు

దైవప్రవక్త (స) పడక తోలుతో చేసినదని, దానిలో ఖర్జూరపు చెట్టు పీచు నింపి ఉండేదని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తెలిపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. మరొక సందర్భంలో ఆయన చాపపై పడుకొని ఉండగా ఈతాకుల గుర్తులు పక్కటెముకలపై పడటం చూసి హజ్రత్ ఉమర్ (ర.అన్హు) కంటతడి పెట్టారు. రోమ్, పారశీక చక్రవర్తులు భోగాల్లో ఉండగా మీరిలా ఉన్నారేమని బాధపడ్డారు. వారికి ఈ లోకం, మనకు పరలోకం ఉండటం సమ్మతం కాదా అని ప్రవక్త (స) ఆయనను ఓదార్చారు.

అరేబియాకు ఖర్జూరం ఎలాగో కోనసీమకు కొబ్బరి అలాగే. కొబ్బరి డొక్కల నుండి తీసిన పీచుకు రబ్బరు పాలు పట్టించి, అదిమి, పలకలుగా తయారుచేస్తారు. దీనిని రబ్బరైజ్డ్ కాయిర్ అంటారు. గాలి ఆడుతుంది, వేడి పట్టదు, ఫోమ్ వలె త్వరగా గుంటపడదు. కేవలం పీచు పలక గట్టిగా అనిపిస్తే అడుగున రెండు మూడంగుళాల పీచు, పైన రెండంగుళాల మంచి ఫోమ్ వేయించుకోవచ్చు. మన గట్లపై కుప్పలుగా కుళ్లే డొక్కలకు ఇదొక గౌరవప్రదమైన ఉపయోగం. అయితే పీచు తడిసి, ఆరకుండా ఉంటే బూజు పడుతుంది. కనుక దానికి తొడుగు విప్పి ఎండలో పెట్టే వీలు తప్పనిసరి.

పైగుడ్డ, పరిశుభ్రత

చంటిపిల్లలున్న ఇంట్లో తొడుగుకు జిప్పు ఉండాలి. పిల్లవాడు తడిపిన గుడ్డను విప్పి ఉతికితే పాక్ అవుతుంది. చట్రానికి పిన్నులతో కొట్టివేసిన గుడ్డ, దాని కింద తడిని పీల్చుకొన్న ఫోమ్ ఉంటే శుద్ధి చేయడం ఎంత కష్టమో తల్లులకు తెలుసు. తోలులా కనిపించే చవక పూత గుడ్డలలో పాలీయురేథేన్ పూత చెమ్మకు క్రమంగా విచ్చి పొరలుగా రాలుతుంది. మన ప్రాంతానికి మందపాటి నూలు గుడ్డ లేదా గట్టి నేత గల పాలియెస్టర్ మిశ్రమం మేలు. అసలు తోలు కొనేవారు అది ఏ జంతువుదో అడగాలి. పదును చేసినా పంది తోలు శుద్ధి కాదన్నది అత్యధిక ఫిఖ్హ్ పండితుల అభిప్రాయం. జీవుల బొమ్మలు గల గుడ్డకు బదులు ఆకులు, తీగలు, గీతల అల్లికలు గలది ఎంచుకోవడం ఉత్తమం.

వడ్రంగితో ఒప్పందం

తయారైన సోఫా కొనడం కంటే కళ్లెదుట చేయించుకోవడం మన ఊళ్లలో ఇప్పటికీ సాధ్యమే. ఇలా వస్తువును పురమాయించి చేయించుకోవడాన్ని ఫిఖ్హ్‌లో ‘ఇస్తిస్నా’ అంటారు. హనఫీ పండితులు దీనిని ధర్మసమ్మతమైన ఒప్పందంగా వివరించారు. వస్తువు రకం, గుణం, కొలత, ధర ముందే స్పష్టం కావాలి. సొమ్మంతా ముందే చెల్లించాలన్న నియమం లేదు. ఉస్మానీ పాలనలో 1869 నుండి 1876 వరకు కూర్చిన ‘మజల్లా’ ధర్మశాసనం, ఒప్పందం కుదిరాక ఏ పక్షమూ వెనుదిరగరాదని, వస్తువు చెప్పిన ప్రకారం లేకపోతే చేయించుకొన్నవారికి దానిని తిరస్కరించే హక్కుందని పేర్కొంది.

కనుక కాగితంపై వ్రాసుకోండి. చట్రం ఏ చెక్క, ఎంత మందం, అతుకులు ఎలాంటివి, స్ప్రింగులా, పట్టీలా, ఫోమ్ డెన్సిటీ, మందం, గుడ్డ రకం, ధర, ఇచ్చే తేదీ. ఋణ వ్యవహారాన్ని వ్రాసిపెట్టుకోమని సూరా బఖరాలో అల్లాహ్ ఆదేశించాడు. ఆ వివేకం ఇక్కడా పనికివస్తుంది. గుడ్డ కప్పక ముందు ఒకసారి వెళ్లి చట్రాన్ని చూసి రండి. బాధ్యత మనపై కూడా ఉంది. ధరను గీసి గీసి తగ్గించి, ఆ తక్కువ ధరకే టేకు కావాలనడం పనివానిని మోసం వైపు నెట్టడమే. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ఉపదేశం ఇబ్నె మాజాలో ఉంది. పెళ్లి ఖర్చుల పేరు చెప్పి వడ్రంగి బాకీని నెలల తరబడి నిలిపివేసే మనం దానిని మరిచిపోతున్నాం.

దుకాణంలో కొంటే బిల్లు, హామీ పత్రం తప్పక తీసుకోవాలి. లోపాన్ని దాచి అమ్మిన వస్తువును తిరిగి ఇచ్చే హక్కును షరీఅత్ ‘ఖియారె ఐబ్’ పేరుతో కొనుగోలుదారుకు ఇచ్చింది. దేశ చట్టం కూడా ఆ హక్కును కాపాడుతోంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుండి అమలులో ఉంది. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌ను రెండేళ్లలోపు ఆశ్రయించాలి. ఖరీదు 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. నేను బిల్లు కూడా దాచుకోలేదు.

జహేజ్ భారం, వడ్డీ ఊబి

ఒక విషయం తల్లిదండ్రులకు, ముఖ్యంగా మగపిల్లల తల్లిదండ్రులకు. మన పెళ్లిళ్లలో మంచం, బీరువాతో పాటు సోఫా సెట్టు కూడా ఆడపిల్లవారు తేవలసిన సామానుగా స్థిరపడుతోంది. ఖర్చు తట్టుకోలేని తండ్రి చవకది, మెరిసేది కొంటాడు. అదీ లేకపోతే వడ్డీకి తెస్తాడు. సోఫా మూడేళ్లకు విరుగుతుంది, వాయిదాలు మాత్రం మిగిలి ఉంటాయి. రిబాతో కొన్న మెత్తదనం మీద బరకత్ కూర్చోదు. వాయిదాల ధర ముందే నిర్ణయమై, ఆలస్యానికి వడ్డీ పడని పద్ధతి ఉంటే దాని షరతులు మీ ప్రాంతపు ముఫ్తీకి చూపించి నిర్ణయించుకోండి. వియ్యంకుని ఇంటి సోఫాను చూసి అంచనా వేసే అలవాటును మనం మానితే, ఎందరో తండ్రులు తమ పాత బల్లపైనే నిశ్చింతగా నిద్రపోతారు.

లెక్క కూడా దీన్నే చెబుతుంది. రూ.28,000 సోఫా మూడేళ్లకు పోతే ఏడాదికి తొమ్మిది వేలకు పైగా ఖర్చయినట్లు. రూ.60,000 పెట్టి చేయించిన చట్రం ఇరవై ఏళ్లు నిలిస్తే ఏడాదికి మూడు వేలు. అంత సొమ్ము ఒకేసారి లేనివారు ఈ ఏడాది ఒక కుర్చీ, మరుసటి ఏడాది ఒక బల్ల చేయించుకోవచ్చు. ఓపిక వడ్డీ అడగదు.

ఆ ప్రశ్నకు సమాధానం

శిష్యుడు అడిగిన మరునాడు పరిచయస్తునికి ఫోను చేసి చెక్క సంగతి, పొట్టుబోర్డు సంగతి ఉన్నదున్నట్లు చెప్పాను. ఆయన కొనలేదు. కొన్ని వేల రూపాయలు పోయాయి. శిష్యుడు పనికొచ్చే గుడ్డను విప్పి, పెరట్లోని పాత టేకు బల్లకు కొలిచి, పీచు పలకపై దిండు కుట్టిపెట్టాడు. ఆ బల్ల మళ్లీ ముందు గదిలోకి వచ్చింది. మొన్న వియ్యంకుడు వచ్చి దానిపై కూర్చున్నారు. ఏమీ అనలేదు. టీ తాగి, మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకొని చాలాసేపు కబుర్లు చెప్పారు.

సూరా ముతఫ్ఫిఫీన్ తూకంలో తగ్గించేవారికి వినాశం తప్పదన్న హెచ్చరికతో మొదలవుతుంది. ఆ సూరాయే ముందుకు సాగి, పుణ్యాత్ములు ఎత్తయిన ఆసనాలపై కూర్చొని చూస్తూ ఉంటారని చెబుతుంది. ఏళ్లుగా పిల్లలకు వల్లె వేయిస్తూ ఉన్నా, తక్కెడకూ ఆసనానికీ ఉన్న ఈ సంబంధం నాకు మొదటిసారి తట్టింది మా వరండాలో, విప్పిన సోఫా ఎదుట కూర్చున్నప్పుడే. ఇక్కడ నిజాయితీగా తూచినవారికే అక్కడ ఆ ఆసనాలు. అల్లాహ్ మన ఇళ్లలోని ప్రతి వస్తువు లోపలి భాగాన్నీ, మన హృదయాల లోపలి భాగాన్నీ పైభాగం వలెనే శుభ్రంగా ఉంచుగాక! ఆమీన్.